దాతను గూర్చి గ్రహీత మాట: గ్రాంటీ పర్సెప్షన్ రిపోర్టులు – విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

దానాన్ని గూర్చి తెలుగులో వెలువడిన సాహిత్యం చాలావరకు దాతను గూర్చిన సాహిత్యమే. శిబి, కర్ణుడు, బలి – లోకం తలచుకునే పేర్లన్నీ ఇచ్చినవారివి. గ్రహీత విషయంలో పరిశీలనకు వచ్చేది సాధారణంగా అతడి పాత్రత ఒక్కటే. ఎలా ఇవ్వాలో చెప్పిన గ్రంథాలు ఉన్నాయి. అలా ఇచ్చారో లేదో పుచ్చుకున్నవాడిని అడిగిన సందర్భాలు మాత్రం అరుదు. బలి కథలో వామనుడు తన అభిప్రాయాన్ని మూడవ అడుగుతో తెలిపాడు గాని, అది అందరు గ్రహీతలకూ సాధ్యమయ్యే పద్ధతి కాదు.

ఈ అరుదైన ప్రశ్నను ఒక వ్యవస్థగా మలచిన ప్రయత్నం ఇరవై ఒకటో శతాబ్ది ఆరంభంలో అమెరికాలో జరిగింది. 2001లో ఏర్పడిన సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ అనే సంస్థ, దాతృసంస్థల నుంచి గ్రాంట్లు పొందిన స్వచ్ఛంద సంస్థలను సర్వే చేసి, ఆ ఫలితాలను 'గ్రాంటీ పర్సెప్షన్ రిపోర్ట్' పేరుతో దాతకు అందజేయడం మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో వందలాది దాతృసంస్థలు ఈ నివేదికను తెప్పించుకున్నాయి. నిర్వహణశాస్త్రం దీనిని ఒక సాధనంగా చూస్తుంది. అయితే ఇది ఒక రచనాప్రక్రియ కూడా. ఎవరు ఎవరితో ఏ హోదాలో మాట్లాడుతున్నారు, ఏది చెప్పడానికి వీలుంది, ఏది మౌనంగా మిగిలిపోతుంది అన్న ప్రశ్నలు సాహిత్యవిమర్శకు పరిచితమైనవే. ఆ ప్రశ్నలతోనే ఈ వ్యాసం గ్రహీతల అభిప్రాయ నివేదికను పరిశీలిస్తుంది.

అవతారిక, చాటువు

పోషకుడికీ పోషితుడికీ మధ్య మాట ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి తెలుగు కావ్యావతారికలు మంచి ఆధారాలు. శ్రీనాథుడు కాశీఖండాన్ని రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి, హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. రాజైనా వర్తకుడైనా అవతారికలో కృతిపతి వంశం, వైభవం, వితరణగుణం కీర్తింపబడతాయి. నేటి పరిభాషలో చెప్పాలంటే అది గ్రహీత దాతకు సమర్పించే అధికారిక నివేదిక వంటిది. ఫిర్యాదుకు అక్కడ చోటు లేదు.

ఫిర్యాదు మరో చోటికి చేరింది. లోభులను, ఆదరించని ఊళ్ళను, పట్టించుకోని అధికారులను ఎత్తిపొడిచే చాటువులు శ్రీనాథుడి పేరుమీదే అనేకం ప్రచారంలో ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిగా సంకలించిన సాహిత్యంలో ఈ స్వరం ప్రస్ఫుటంగా వినిపిస్తుంది. వీటిలో ఏది నిజంగా ఏ కవిదో తేల్చడం కష్టం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన గ్రంథంలో చాటువుల కర్తృత్వాన్ని చారిత్రక సత్యంగా గాక, సంప్రదాయం తనకు తానుగా నిర్మించుకున్న ఆరోపణగా చూశారు. ఆ అనిశ్చితే ఇక్కడ గమనార్హం. కర్త ఎవరో తేలని పద్యం దాతను నిర్భయంగా విమర్శించగలదు. ధూర్జటి పేర ఉన్న శ్రీకాళహస్తీశ్వర శతకంలోని రాజనింద బహిరంగమైనదే, కాని అది దాతను సంస్కరించదలచినవాడి మాట కాదు. దాతను విడిచిపెట్టినవాడి మాట. దాత దగ్గరే ఉంటూ దాతకు నిజం చెప్పవలసినవాడికి ఈ రెండు దారులూ చాలవు.

మధ్యయుగ కావ్యపోషణ వేరు, నేటి సంస్థాగత దాతృత్వం వేరు. అయినా మాటకు ఉన్న ఇబ్బంది ఒకటే: మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కవలసినవాడు ఆ ఇంటివారిని గూర్చి ఏమి చెప్పగలడు?

ప్రశ్నావళి నిర్మాణం

గ్రాంటీ పర్సెప్షన్ రిపోర్ట్ ఈ ఇబ్బందిని మూడు ఉపాయాలతో ఎదుర్కొంటుంది. మొదటిది మధ్యవర్తి. ప్రశ్నలు అడిగేది దాత కాదు, మూడవ పక్షం. ఏ సంస్థ ఏ జవాబు ఇచ్చిందో దాతకు తెలియనివ్వరు. సంఖ్య మరీ తక్కువగా ఉన్న విభాగాల ఫలితాలను విడిగా చూపరు. చాటువులో కర్తృత్వం మరుగుపడి చేసిన పనిని ఇక్కడ గోప్యతానియమం చేస్తోంది.

రెండవది పోలిక. ఇది ఈ ప్రక్రియలో అతి సూక్ష్మమైన అంశం. పేరు బయటపడదని తెలిసినా గ్రహీతలు మొహమాటం వదులుకోరు. ఏడు పాయింట్ల కొలమానంపై అధిక సంఖ్యాకులు పై అంకెలనే ఎంచుకుంటారు. అందువల్ల ఒక సంస్థకు వచ్చిన సగటు మార్కు దానంతట అది పెద్దగా ఏమీ చెప్పదు. ఏడింటికి ఆరు వచ్చిందని సంతోషించిన దాతృసంస్థ, ఇతర దాతలతో పోల్చినప్పుడు పర్సంటైల్‌లో అడుగున ఉండవచ్చు. అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నప్పుడు ఎవరి మర్యాదలో కాస్త చల్లదనం ఉందో పట్టుకోవడానికి కనిపెట్టిన మార్గమిది. వ్యంగ్యార్థాన్ని గణాంకాలతో పట్టుకోవడమని అలంకారశాస్త్ర విద్యార్థులు దీనిని వ్యవహరించినా తప్పులేదు.

మూడవది కాలగణన. దరఖాస్తుకు, నివేదికలకు, పర్యవేక్షణకు గ్రహీత సంస్థ ఎన్ని గంటలు వెచ్చించిందో అడిగి, గ్రాంటు మొత్తాన్ని ఆ గంటలతో భాగిస్తారు. 'కాగితాల పని ఎక్కువైంది' అనే గొణుగుడు దీనివల్ల దాత కాదనలేని అంకెగా మారుతుంది. చిన్న గ్రాంటుకు పెద్ద గ్రాంటుతో సమానమైన పత్రాలు అడిగే అలవాటు ఈ లెక్కలో తేటతెల్లమవుతుంది.

ఈ సర్వేల ఆధారంగా 2004లో వెలువడిన 'లిజనింగ్ టు గ్రాంటీస్' అధ్యయనం, గ్రహీతలు విలువనిచ్చేవి సిబ్బందితో సంబంధాల నాణ్యత, లక్ష్యాలను స్పష్టంగా తెలియజేయడం, ఆ రంగంలో దాతకున్న పరిజ్ఞానం అని తేల్చింది. ఒకే దాతృసంస్థలోనూ గ్రహీత అనుభవం తనకు కేటాయించిన ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను బట్టి మారిపోతుందని 2007లో ఆ పరిశోధకులే ప్రకటించారు. ఈ నిర్ధారణలు ఉపయోగకరమైనవి. అయితే వీటిలో దాతకు అనుకూలించే అంశం కూడా ఉంది. ఫోను ఎత్తడం, ఉత్తరానికి సకాలంలో జవాబివ్వడం, లక్ష్యాలను విడమరచి చెప్పడం – వీటిలో ఏదీ దాత ఖజానాను కదిలించదు. 2006 నాటి మరో అధ్యయనం వేరొక సంగతి చెప్పింది. నిర్దిష్ట ప్రాజెక్టుకు కట్టివేయకుండా, పెద్ద మొత్తంలో, ఎక్కువ సంవత్సరాల పాటు సంస్థ నిర్వహణకే ఇచ్చిన గ్రాంట్లు గ్రహీత సంస్థపై గణనీయమైన ప్రభావం చూపుతున్నాయనీ, అటువంటివి ఇచ్చే దాతలు తక్కువనీ దాని సారాంశం. రెండు అధ్యయనాలూ గ్రహీతల మాటల నుంచే వచ్చాయి. మర్యాదను గూర్చిన మాటను దాతలు సులభంగా స్వీకరించారు, డబ్బు స్వరూపాన్ని గూర్చిన మాట వారికి అంత త్వరగా తలకెక్కలేదు. అభిప్రాయసేకరణ విజయాన్ని అంచనా కట్టవలసింది ఈ రెండవ మాట దగ్గరే.

2010 నాటి ఒక లేఖ

నివేదిక తెప్పించుకునేది దాత, రుసుము చెల్లించేది దాత, దానిని ప్రకటించాలో వద్దో నిర్ణయించేది కూడా దాతే. కాబట్టి ప్రకటించిన సందర్భాలకు ప్రత్యేక విలువ ఉంది. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ 2009లో ఈ సర్వే చేయించుకుంది. అనేక అంశాల్లో ఇతర దాతృసంస్థల కంటే తక్కువ స్థానం వచ్చింది. అప్పటి ప్రధాన కార్యనిర్వహణాధికారి జెఫ్ రైక్స్ 2010లో ఆ ఫలితాల సారాంశాన్ని బహిరంగ లేఖగా విడుదల చేశారు.

లేఖ అంగీకరించిన లోపాలు స్థూలంగా ఇవి: సంస్థ లక్ష్యాలు, వ్యూహాలు గ్రహీతలకు స్పష్టంగా తెలియడం లేదు, గ్రహీతల లక్ష్యాలు సంస్థకు అర్థమైనట్లు వారికి తోచడం లేదు, నిర్ణయాలు జరిగే తీరు గందరగోళంగా ఉంది, గ్రాంటు నడుస్తుండగానే ప్రోగ్రామ్ ఆఫీసర్లు మారిపోవడం వల్ల గ్రహీతపై అదనపు భారం పడుతోంది, సమాధానాలు సకాలంలో రావడం లేదు. ఆయా రంగాలపై సంస్థ ప్రభావం విషయంలో మాత్రం మంచి అభిప్రాయమే వ్యక్తమైంది.

ఈ లేఖ శైలి పరిశీలింపదగినది. సంస్థాగత గద్యంలో లోపాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు కర్తను దాచే వాక్యాలు వాడడం పరిపాటి. 'కొన్ని ఇబ్బందులు ఎదురైనాయి' అంటారు. ఎవరి వల్ల అన్నది తేలదు. రైక్స్ లేఖలో లోపాలకు కర్త సంస్థే. పైగా విమర్శించినది గ్రహీతలని నేరుగా పేర్కొనడం వల్ల అవతారికా సంప్రదాయం తలక్రిందులైంది: కృతిపతి తనపై వచ్చిన చాటువును తానే చదివి వినిపించాడు.

ప్రశంస ఇక్కడికి ఆపవలసి ఉంటుంది. లేఖ ఒప్పుకున్నవాటిలో అధికభాగం సంభాషణకు సంబంధించిన లోపాలు. ఏ సమస్యకు డబ్బు ఇవ్వాలో, ఎంతకాలం ఇవ్వాలో నిర్ణయించే అధికారంలో గ్రహీతకు భాగం ఉండాలా అన్న ప్రశ్న ఆ పరిధిలోకి రాలేదు. వ్యూహం సరైనదే, దానిని సరిగా వివరించలేకపోయామన్న ధోరణిలో ఒప్పుకోలు నడిచినప్పుడు, వ్యూహాన్నే శంకించిన గ్రహీత గొంతు అపార్థంగా లెక్కకు వస్తుంది.

జాబితాలో లేని గ్రహీత

అదే ఫౌండేషన్ 2003లో హెచ్‌ఐవి నివారణ కోసం భారతదేశంలో 'ఆవాహన్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నిధులు ముందుగా రాష్ట్రస్థాయి భాగస్వామ్య సంస్థలకు, వారి నుంచి జిల్లాల్లోని స్థానిక సంస్థలకు చేరేవి. ఆ స్థానిక సంస్థల ద్వారా లైంగిక వృత్తిలోని స్త్రీలు మొదలైన సమూహాలతో పని సాగింది. దశలవారీగా కార్యక్రమం ప్రభుత్వపరమైంది.

ఇటువంటి గొలుసులో గ్రాంటీ సర్వే ఎక్కడ ఆగిపోతుందన్నది ఆలోచించవలసిన విషయం. దాత ఒప్పందపత్రాల్లో పేరున్న సంస్థే ఆ సర్వే దృష్టిలో గ్రహీత. రెండవ మెట్టులోని జిల్లా సంస్థ, మూడవ మెట్టులోని సమూహం ఆ జాబితాలో ఉండవు. పైగా రాష్ట్రస్థాయి భాగస్వామి ఏకకాలంలో గ్రహీత, దాత. పై దాతను గూర్చి అది చేసే ఫిర్యాదునే కింది సంస్థలు దానిని గూర్చి చేయవచ్చు. ఆ ఫిర్యాదును వినే ఏర్పాటు ఈ ప్రక్రియలో లేదు. అంతిమ లబ్ధిదారుల అభిప్రాయసేకరణ కోసం 2014లో అమెరికన్ దాతృసంస్థలు కొన్ని కలిసి 'ఫండ్ ఫర్ షేర్డ్ ఇన్‌సైట్' ఏర్పాటు చేయడం ఈ లోటును గుర్తించినందువల్లనే.

భారతదేశంలో చట్టం ఈ గొలుసును మరింత మార్చింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో జరిగిన సవరణ, విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పరిపాలనా వ్యయపరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది. స్వదేశీ నిధుల్లో ప్రధానమైన కార్పొరేట్ సామాజిక బాధ్యతను 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ నిర్దేశిస్తోంది. నిర్ణీత స్థాయి కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికరలాభంలో రెండు శాతం వెచ్చించాలి. 2021 సవరణ నియమాలు పెద్ద ప్రాజెక్టులకు ప్రభావ మదింపును తప్పనిసరి చేశాయి. ఆ మదింపు ప్రాజెక్టును కొలుస్తుంది, అంటే గ్రహీత పనిని. విడత డబ్బు సమయానికి విడుదలైందా, ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో హడావుడిగా ఖర్చు చేయించారా, ప్రాజెక్టు మధ్యలో కంపెనీ ప్రాధాన్యం మారిపోయిందా అని గ్రహీతను అడగవలసిన నిబంధన ఏదీ అందులో లేదు.

ఈ అన్వేషణకు తెలుగు శాఖలు అందించగల సామగ్రి ఒకటి ఉంది. జిల్లా సంస్థల కార్యకర్తలు తెలుగులో రాసుకునే సమావేశపు మినిట్స్ పుస్తకాలు, క్షేత్రపర్యటన రిజిస్టర్లు ఆంగ్ల నివేదికలుగా మారి దాతల వద్దకు వెళ్తాయి. మూలంలోని ఏ వాక్యం అనువాదంలో మెత్తబడింది, ఏది పూర్తిగా జారిపోయింది అని పక్కపక్కన పెట్టి చదవడం పాఠపరిష్కరణలో, అనువాద అధ్యయనంలో శిక్షణ పొందినవారికి సాధ్యమైన పని. ఆయా సంస్థల అనుమతితో, వ్యక్తుల పేర్లు మరుగుపరచి, ఒక్క జిల్లాకు పరిమితమైనా ఆ పని చేపట్టవచ్చు.