చెవిలో గొంతు, రాతి మీద పేర్లు

అమరావతి మహాచైత్యం చుట్టూ, ఫోనులో రికార్డు చేసిన వ్యాఖ్యానం వింటూ తిరిగాను. గంభీరమైన మగ గొంతు. శాతవాహనులు, కల్నల్ మెకంజీ, మద్రాసుకీ లండన్‌కీ తరలిపోయిన పలకలు... అన్నీ చెప్పింది. ఎవరు కట్టించారన్న దగ్గర మాత్రం 'రాజులు, వర్తకులు' అని ఊరుకుంది.

ఇక్కడి దాన శాసనాలు చదివినవాళ్లకి ఆ మాట మింగుడుపడదు. భిక్షుణులు, ఉపాసికలు తమ పేర్లతోనే ప్రాకృతంలో చెక్కించుకున్నారు. నాగార్జునకొండలో రాజు తోబుట్టువు చాంతిసిరి, రాజకుటుంబం కాని బోధిసిరి కట్టించినవాటికి పెద్ద శాసనాలే ఉన్నాయి.

అలాగని మురిసిపోనూ లేం. విధికుడనే చర్మకారుడు అమరావతిలో పూర్ణఘటం పలక ఇచ్చాడు, తల్లితో, భార్యతో, కూతుళ్లతో కలిసి. కొడుకు నాగుడికి పేరుంది. ఆ ఆడవాళ్లకి లేదు. చర్మకారుడి పేరు దొరికిందన్న సంబరంలో ఈ తేడా నాకూ చాలా ఏళ్లు కనపడలేదు (నా సిద్ధాంత గ్రంథంలో ఆ శాసనాన్ని ఉదహరించాను కూడా!). ఇక ఆ గొంతుని ఒక్కదాన్నే ఎలా తప్పుపట్టను?

ఆ వ్యాఖ్యానం నన్ను రాయమంటే, విధికుడి సంగతి దగ్గర ఆగి, 'తల్లి, భార్య, కూతుళ్లు' అని చదివి, ఓ పది సెకన్లు రికార్డింగ్‌ని ఖాళీగా వదిలేయమంటాను.