అవగాహన కల్పించారు, సరే… ఏం చెప్పారు?

జిల్లా పేజీలో కల్హేర్ పేరు కనిపిస్తే ఆగి చదువుతాను. ఒకప్పటి మెదక్ జిల్లాలో ఓ మూలన ఉండేది. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలోనూ మూలనే ఉంది. పెద్ద పత్రికల మొదటి పేజీకి అలాంటి మండలం ఎప్పుడో గానీ ఎక్కదు. దాని గురించి రాసేది స్థానిక విలేకరి ఒక్కడే. అందుకే అతను వాడే ప్రతి మాటా నాకు ముఖ్యం.

ఆ వార్తల్లో తరచూ తగిలే మాట ‘అవగాహన’. వాటి అచ్చు మనకు కంఠతా వచ్చు. ఫలానా అంశంపై అవగాహన సదస్సు నిర్వహించారు. ప్రతి ఒక్కరూ అవగాహన కలిగి ఉండాలని అధికారి సూచించారు. సద్వినియోగం చేసుకోవాలని కోరారు. ఆపైన ‘ఈ కార్యక్రమంలో’ అంటూ పేర్ల వరస. నవంబరు 9న న్యాయసేవల దినం, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం, డిసెంబరు 24న వినియోగదారుల దినం... తేదీలు మారినా వార్త మారదు. ఆ రోజు చేను వదిలి రాలేకపోయిన రైతు మర్నాడు పేపరు చూస్తే అతనికి తెలిసేది సదస్సు జరిగిందనే. అందులో ఏం చెప్పారో తెలియదు.

సైబర్ మోసాల సదస్సునే తీసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది, ఆపడం కష్టమవుతుంది. అసలు వార్త ఈ రెండు వాక్యాలే. న్యాయసేవల సదస్సులోనూ అంతే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. ఫోన్ చేయాల్సిన నంబరు 15100. తండాలో భూమి తగాదాతో నలుగుతున్న ఆడమనిషికి ఆ ఐదంకెలు దక్కాలి. ‘చట్టాలపై అవగాహన కల్పించారు’ అన్న వాక్యం వాటిని మింగేస్తుంది.

‘కల్పించారు’ అనడంలో ఇంకో చిక్కుంది. అధికారి మాట్లాడటం విలేకరి చూశాడు. విన్నవాళ్లకు అర్థమైందో లేదో ఎవరు చూశారు? ‘చెప్పారు’, ‘వివరించారు’ అంటే చూసింది చూసినట్టు రాసినట్టు. ముందు వరసలో కూర్చున్న ఒకరిద్దరిని ‘మీకేం తెలిసింది?’ అని అడిగితే వార్తకు ప్రాణం వస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం ‘అవగాహన లేక’ అన్న మాట. పాము కరిచి మనిషి పోతే ‘అవగాహన లేక నాటువైద్యుడిని ఆశ్రయించారు’ అని రాసేస్తాం. ఆ రాత్రి బండి దొరికిందా? దగ్గరి ఆస్పత్రిలో విషానికి విరుగుడు మందు ఉందా? డాక్టరు ఉన్నాడా? ఇవేవీ అడగకుండానే తప్పంతా చనిపోయినవాడి మీద పడిపోతుంది. కల్హేర్ ఉన్న నారాయణఖేడ్ ప్రాంతపు తండాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే చెరకు కోతలకు వలసపోతాయి. వెంట వెళ్లిన పిల్లలు బడి మానేస్తే ‘తల్లిదండ్రుల్లో చైతన్యం లేక’ అంటాం. చదువు విలువ వాళ్లకు తెలియక కాదు. పిల్లల్ని ఊళ్లో ఎవరి దగ్గర విడిచిపెట్టాలో తెలియక తీసుకుపోతారు. పేదరికాన్నీ ప్రభుత్వ వైఫల్యాన్నీ అజ్ఞానం ఖాతాలో రాయడం అన్యాయం.

గ్రామీణ విలేకరి కష్టం నాకు తెలుసు. ప్రెస్‌నోట్ ఫోన్‌కు వస్తుంది, చోటు నాలుగంగుళాలే ఉంటుంది, పేరు రాకపోతే నిష్ఠూరాలు తప్పవు. అయినా కల్హేర్‌లోనే కాదు, ఏ మండలంలో రాస్తున్న మిత్రులనైనా నేను కోరేది ఒకటే. ఈసారి సదస్సు వార్త పంపేటప్పుడు చివరి వరసలో రెండు పేర్లు తగ్గించండి. ఆ చోటులో ఫోన్ నంబరు, గడువు తేదీ, తీసుకెళ్లాల్సిన కాగితాలు రాయండి.