సమాధులు లేని క్లియర్ సైటు

ఈ వారం చేతికొచ్చిన ఒక వెంచరు కరపత్రంలో రోడ్లూ పార్కులతోపాటు ఇంకో హామీ ఉంది: చుట్టుపక్కల సమాధులు లేవట. ఒళ్లు మండింది. పొలం గట్టున వేపచెట్టు కింద తాత పక్కన నాయనమ్మ ఉంటే అంతకు మించిన పట్టా లేదని ఎన్నిసార్లు రాశానో ఈ కాలమ్ పాతవాళ్లకు తెలుసు. పేరు చెక్కని సమాధి చూస్తే నాకొచ్చే కోపమూ తెలుసు.

ఆ కోపంలోనే డేనియల్ బూన్ గుర్తొచ్చాడు. 1775లో అమెరికాలో కంబర్లాండ్ కనుమ గుండా కెంటకీకి బాట వేసిన మనిషి. (షానీ, చెరోకీ ఆదివాసులు వేటాడుకునే నేల అది. దాని హక్కుల కథ వేరే.) అక్కడ వేల ఎకరాలు తనవే అనుకున్నాడు. తానే సర్వేయరుగా పనిచేసి కూడా కాగితాలు సరిచూసుకోలేదు. దావాల్లో అన్నీ పోయాయి. 1799లో, అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మిస్సోరీకి వెళ్లాడు. అక్కడిచ్చిన భూమీ, ఆ ప్రాంతం అమెరికా చేతికొచ్చాక, చెల్లదన్నారు. తర్వాత కాంగ్రెస్ కొంత తిరిగిస్తే అప్పులవాళ్ల పాలైంది. 1813లో పోయిన భార్య రెబెకాను మార్తాస్‌విల్ దగ్గర, ఆమె పుట్టింటి బ్రయన్ల కుటుంబ శ్మశానంలో పెట్టారు. 1820లో ఆయన్నీ అక్కడికే చేర్చారు. అంత దారి వేసినవాడికి చివరికి అత్తవారి వైపు చోటే దిక్కయింది.

1830ల నడుమ దాకా రాయి కూడా లేదు. 1845లో కెంటకీ వాళ్లొచ్చి దంపతులిద్దరినీ తవ్వి ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకెళ్లి ఊరేగించారు. అక్కడ కొత్తగా శ్మశానవాటిక పెట్టారు మరి. పేరున్న మనిషి వస్తే స్థలాలకు గిరాకీ ఉంటుందన్న ఆశ. మన కరపత్రానికి తలకిందులు! రాయి వేరే గోరీ మీద ఉందనీ, చుట్టాలు తెలిసే నోరు మెదపలేదనీ, ఆయన ఇంకా తమ దగ్గరే ఉన్నాడనీ మిస్సోరీ వాళ్ల మాట. అప్పుడు తీసిన పుర్రె అచ్చును 1983లో చూసిన నిపుణుడు అది నల్లజాతి మనిషిది కావచ్చన్నాడు కానీ తేలలేదు. అదే నిజమైతే కెంటకీ ఊరేగింపు ఎవరికి దక్కినట్టు?

తవ్వినవాళ్లు రాయి చూసుకునే తవ్వారు. ఆ బ్రయన్ల దొడ్డి ఇప్పుడు నా పాత వాదాన్ని రెండు వైపులా దెబ్బకొడుతోంది. సమాధి పట్టా కాలేదు, పేరు కాపలా కాయలేదు. మా పొలంలో పేర్లు చెక్కించడానికి దాచిన డబ్బు ముందు సర్వేయరుకే ఇస్తాను. తాతా నాయనమ్మా ఉన్న ఆ రెండు గుంటలూ కొలిపించి దస్తావేజులో విడిగా రాయించాలి. చెక్కుడు పని తర్వాత చూద్దాం.