సంగటి, అంగడి

ఆదోనిలో ఒక వృద్ధాశ్రమానికి ఆదివారాలు పోతుంటాను. మొదటిరోజు ఒక అవ్వను "సంగటి తిన్నావా అవ్వా?" అని పలకరిస్తే, "అంగడికా? ఇంత ఎండలో ఎందుకు నాయనా" అంది. నవ్వొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. వయసు చెవుడులో ముందు కరిగిపోయేవి స, శ, త, క లాంటి సన్న ధ్వనులు. అచ్చులు చాలాకాలం నిలుస్తాయి. 'స' రాలిపోతే సంగటిలో మిగిలేది అంగడే కదా!

నేనూ అందరిలాగే గొంతు పెంచాను. అరిస్తే పెరిగేది అచ్చుల మోతే, పోయిన హల్లు తిరిగి రాదు. పైగా ముదిమి చెవికి చిన్న మాట అందదు, పెద్ద మాట గుచ్చుకుంటుంది. "అరచాకు నాయనా, కొట్లాటకొచ్చినట్టుంది" అంది అవ్వ.

ఆమెది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేతగాళ్ల సొసైటీకి కండెలు చుట్టిన చేతులవి. చెవి మిషన్ ఏదంటే దిండు కింది నుంచి గుడ్డమూట తీసింది. "ఇది సచ్చిపోయింది." విప్పి చూస్తే సెల్లు మీది స్టిక్కరు పీకనే లేదు! దాని కింది సన్న బెజ్జాల్లోకి గాలి పోతేనే ఆ సెల్లుకు ప్రాణం. పీకి, ఒక నిమిషం ఆగి వేశాను. చెవిలో పెట్టే అచ్చు బెజ్జంలో గుబిలి గడ్డకట్టి ఉంటే సూదితో తీశాను.

2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చెవి మిషన్లు ఉచితంగా ఇస్తుంది. మంచిదే. కానీ ఇచ్చాక, వారానికొకసారి గుబిలి తీసే మనిషిని ఏ పథకం ఇస్తుంది?

మిగతా విద్య నేర్పింది పక్క మంచం తాత. ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో చేశాడు. ఆ మోతలో అందరూ పెదాలు చూసే మాట్లాడుకునేవారట. "ముందు టీవీ ఆపు. వెలుగు నీ మొగం మీద పడేట్టు ఎదురుగా కూచో. భుజం తట్టి, నిదానంగా చెప్పు. నోటికి చెయ్యి అడ్డం పెట్టాకు" అన్నాడు. అంతా మిషన్‌తో పనిలేని పనే.

మిషన్ అవ్వ చెవిలో పెడితే కుయ్యిమంది. అచ్చు సరిగ్గా కూర్చోలేదు. కాస్త తిప్పి నొక్కితే కూత ఆగింది. ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో మళ్లీ అడిగాను.

"తింటి గానీ, ఉప్పే లేదు" అంది.