పగడాల దీవిలో గట్టుమీది వాళ్ళు

విహారయాత్రల కరపత్రాన్ని కూడా సాహిత్యం కిందే జమకట్టాలని నేనంటే మా ఇంట్లో నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. ఇవాళ మన మధ్యతరగతి ఇళ్ళలో అందరూ కలిసి కూర్చుని, పైకి చదివి, ఒకటికి రెండుసార్లు అర్థం చెప్పుకునే రచన ఏదన్నా మిగిలి ఉందంటే అది అదే. నవల ఎవరికి వాళ్ళు చదువుకుంటారు. వారపత్రిక వంతులవారీగా చేతులు మారుతుంది. కరపత్రాన్ని మాత్రం ఆయనా, పిల్లలూ, అత్తగారూ, చక్కెర బదులుకి వచ్చిన పక్కింటావిడా, అందరూ చదువుతారు. మరి అంతమంది చదివే రచనకి ఒక విమర్శకురాలు ఉండొద్దూ?

నా ముందున్నది అండమాన్ యాత్ర కరపత్రం. ఎవరిదో చెప్పను, చెప్పే అవసరమూ లేదు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉంటాయి. అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు, ఉదయం ఫలహారం ఉచితం. మూడోరోజు కార్యక్రమం దగ్గర ఇలా ఉంటుంది: స్వరాజ్ ద్వీప్, ఎలిఫెంట్ బీచ్, జెట్ స్కీ, స్నార్కెలింగ్, భోజనానికి వాపసు. అన్నిటి మధ్యా ఒక్కొక్క కామా. నా తగువంతా జెట్ స్కీకీ, స్నార్కెలింగ్‌కీ మధ్య ఉన్న ఆ కామాతోనే.

తగువులోకి దిగేముందు పేర్లు సరిచూసుకుందాం. మనం హావ్‌లాక్ అని చదువుకున్న దీవినే 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. పేర్లు కొత్తవైనా ఆ చోటు మనకి బొత్తిగా తెలియనిది కాదు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లూ సముద్రమూ ఉండేవి చూడండి, అది అక్కడి నార్త్ బే దృశ్యమే. ఎన్నేళ్ళు ఆ సముద్రాన్ని కొంగున ముడేసుకుని కూరగాయలకి వెళ్ళామో!

ఇక ఆ రెండు మాటలూ. జెట్ స్కీ అనేది నిజానికి కవాసకి కంపెనీ తన బండికి పెట్టుకున్న పేరు. వనస్పతి అంతా డాల్డా అయిపోయినట్టు నీటిమీద నడిచే స్కూటర్లన్నీ జెట్ స్కీలైపోయాయి. అడుగునుంచి నీళ్ళు పీల్చి వెనకనుంచి బలంగా చిమ్ముతుంది, ఆ తోపుకి ముందుకి దూకుతుంది. పడవకున్నట్టు బయట చుక్కానీ లేదు, చిమ్మే నీటిని పక్కకి మళ్ళించడమే దాని మలుపు. అంచేత కంగారుపడి రయ్యిమనే మీట వదిలేశామంటే నీళ్ళు చిమ్మడం ఆగుతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిరగదు, పోయే దారినే జారుకుంటూ పోతుంది. భయమేస్తే చెయ్యి వదిలెయ్యడం మనిషి స్వభావం. ఈ బండి దగ్గర ఆ స్వభావం పనికిరాదు. ఇంత ముఖ్యమైన మాట కరపత్రంలో ఎక్కడా లేదు. గాలిలో ఎగురుతున్న జుట్టుతో ఒక అమ్మాయి బొమ్మ ఉంది.

స్నార్కెలింగ్ దీనికి పూర్తిగా ఎదురు. కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒక అద్దాల తొడుగు, నోట్లో ఒక గొట్టం, గొట్టం రెండో కొస నీటిపైన. ముక్కుతో కాదు, నోటితో ఊపిరి తీసుకోవాలి. బోర్లా పడుకుని నీటిమీద తేలుతూ కిందికి చూడాలి. చెయ్యాల్సిన పనంతా ఇంతే: కదలకుండా ఉండటం, చూడటం. ఎంత తక్కువ కదిలితే అంత ఎక్కువ కనిపిస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. స్వారీలో సంతోషం లేదని నేననను. నాలుగు నిమిషాలు ఇల్లూ వాకిలీ మర్చిపోయి కేక పెట్టే అవకాశం మన ఆడవాళ్ళకి రోజూ దొరుకుతుందా? కానీ ఆ సంతోషానికి అండమానే అక్కర్లేదు. నీళ్ళు లోతుగా ఉన్న ఏ చోటైనా చాలు, ఆ బండికి కింద ఏముందో పట్టదు. రెండోదానికి మాత్రం కింద ఉన్నదే సర్వస్వం. ఒకటి దొరికే చోట్లు వంద, రెండోది దొరికే చోట్లు మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు: అండమాన్ నికోబార్, లక్షద్వీపాలు, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, ఇంకా అక్కడక్కడా కొద్దికొద్దిగా. అలాంటి రెంటినీ ఒక కామాకి అటూ ఇటూ కూర్చోబెట్టి, స్వారీకి పెద్దక్షరాలూ బొమ్మా ఇచ్చి, చూపుకి ఒక్క మాటతో సరిపెట్టడమే ఈ రచనలోని మొదటి లోపం.

పగడపు దిబ్బ అనగానే మన ఆడవాళ్ళకి మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్ర పగడం గుర్తుకొస్తుంది. మా వదిన కూడా అదే అనుకుని నీళ్ళలోకి చూసింది. ఆ నగల పగడం వేరే జాతి, దిబ్బలు కట్టేది కాదు. ఇక్కడివి గోధుమరంగువి, బూడిదరంగువి, కొన్ని ఆకుపచ్చవి, అక్కడక్కడా ఊదారంగువి. కొన్ని జింక కొమ్ముల్లా, కొన్ని బోర్లించిన బాండీల్లా ఉంటాయి. చూస్తే రాయి, నిజానికి ప్రాణి. గింజంతేసి జీవులు వేలకి వేలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. వాటి ఒంట్లో నాచుజాతి సూక్ష్మజీవులు కాపురముండి ఎండతో అన్నం వండిపెడతాయి. రంగులు చాలావరకు ఆ వంటవాళ్ళవే. నీళ్ళు ఉండాల్సినదానికన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాలపాటు అలాగే ఉంటే వంటవాళ్ళు వెళ్ళిపోతారు, పగడం తెల్లగా పాలిపోతుంది. ఎక్కువకాలం అలాగే ఉంటే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010 వేసవిలో ఇలా పెద్దఎత్తున జరిగింది. అంతకుముందు 2004 డిసెంబరు భూకంపంలో ఉత్తర అండమాన్ తీరాల్లో నేల పైకి లేచి, దిబ్బలకి దిబ్బలే నీటి బయటపడి ఎండిపోయాయి. గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరుగుతాయి. అంటే ఒక పిల్ల పుట్టి, చదువుకుని, పెళ్ళీడుకొచ్చేసరికి జానెడు. దానిమీద కాలేసి నిలబడి ఫోటో దిగడానికి పట్టేది ఒక్క క్షణం.

ఇప్పుడు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టండి. తక్కువ లోతు నీళ్ళలో బండి చిమ్మిన ధారకి అడుగున ఇసుక రేగుతుంది. రేగిన ఇసుక పోయి పగడం మీదే కూర్చుంటుంది. వెలుతురు తగ్గిపోతుంది. ముఖం నీళ్ళలో పెట్టుకున్న మనిషికి వెనకనుంచి వచ్చే బండి కనపడదు, బండిమీది మనిషికి నీటిపైన తేలే చిన్న గొట్టం కనపడదు. అందుకే రెంటికీ హద్దుగా తాడూ బుడగలూ కట్టి ఉండాలి. ఉన్నాయా లేదా అని యాత్రకి డబ్బు కట్టేముందే అడగాలి. క్రమం కూడా ముఖ్యం. పొద్దున్నే గాలి లేచేముందు నీళ్ళు తేటగా ఉంటాయి, అది చూపు వేళ. స్వారీ తర్వాత, దూరంగా, లోతులో. కరపత్రం ముందు స్వారీ రాసింది. ఒక గంట సేపు ఒళ్ళంతా ఎగిరిపడి, చెవుల్లో హోరు నింపుకుని, ఆ తర్వాత కదలకుండా పడుకుని చేపల్ని చూడమంటే ఎలా? పెళ్ళివారి బ్యాండు పక్కన కూర్చోబెట్టి వీణ వినమన్నట్టుంటుంది.

ఇదే అండమాన్‌లో ఇంకో పద్ధతీ ఉంది. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలో జాలీబోయ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడికి ప్లాస్టిక్ సీసా తీసుకుపోనివ్వరు. వానాకాలంలో దాన్ని మూసేసి రెడ్ స్కిన్ అనే ఇంకో దీవి తెరుస్తారు. మనం బీడు పెట్టిన చేనులాగా దానికీ కొన్నాళ్ళు విశ్రాంతి అన్నమాట. స్కూటర్ల హోరు లేదు. అద్దపు అడుగున్న పడవ, లేకపోతే ముఖానికి తొడుగు. కరపత్రాల్లో జాలీబోయ్ చాలాసార్లు చివరి వరుసలో, వీలునుబట్టి అనే మాటతో ఉంటుంది.

రెండో లోపం నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఈ రచనలో చదివేవాళ్ళందరికీ ఈత వచ్చుననో, రానివాళ్ళు మనుషులే కారనో ఒక ఊహ ఉంది. ఎలిఫెంట్ బీచ్‌లో దిగి చూడండి. సునామీకి కూలిన మహావృక్షాల మొద్దులు ఒడ్డున పడి ఉంటాయి. వాటిమీద వరసగా కూర్చుని ఉంటారు మనవాళ్ళు: ఒళ్ళో నాలుగు సంచులు, చేతిలో రెండు ఫోన్లు, పక్కన ఏడు జతల చెప్పులు. అన్ని రాష్ట్రాల ఆడవాళ్ళూ ఉంటారు, కాపలా మాత్రం ఒక్కటే. నేను గట్టున ఉంటాలే, మీరు పోయి రండి అనే వాక్యాన్ని ఆ పూట నాలుగు భాషల్లో విన్నాను.

మా వదినా అదే అంది. పైగా, "మా ఊర్లో మగపిల్లోళ్ళు బాయిలో దూకుతాంటే మేము గట్టున కూచోని వాళ్ళ గుడ్డలు కాపలా కాస్తాంటిమి. నాకేడొస్తాది ఈత?" అంది. ఇది ఒక్క ఆమె కథ కాదు. మా కడప జిల్లా పల్లెల్లో దిగుడుబావులు ఎండిపోకముందు, మెట్లమీదనుంచి దూకి ఈత నేర్చుకున్నది మగపిల్లలే. ఆడపిల్ల బావి దగ్గరికి బిందెతోనే పోయింది. నీళ్ళు మోసినవాళ్ళకి నీళ్ళలో తేలే విద్య రాలేదు. ఆ గట్టే పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి మాతోపాటు దీవిదాకా వచ్చి, మొద్దుమీద కూర్చుంది.

అక్కడ పనిచేసే కుర్రాడొకడు మా మాటలు విని తెలుగులో పలకరించాడు. ఆశ్చర్యమేమీ లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగే. వాళ్ళలో శ్రీకాకుళం వైపునుంచి వెళ్ళిన బెస్తవాళ్ళు చాలామంది. "ఈత రాకపోతే ఏటమ్మా, టైరు అట్టుకోండి, ఒగ్గీకండి, నేను లాక్కెళ్తాను" అన్నాడు. స్నార్కెలింగ్‌లో ఉన్న గొప్ప సంగతి ఇదే. ఈత రానివాళ్ళు లైఫ్ జాకెట్ వేసుకుని, గాలి నింపిన రింగు పట్టుకుని తేలొచ్చు, తోడు మనిషి లాగుతాడు. నడుములోతు నీళ్ళలో నిలబడి ముందు నోటితో ఊపిరి తీసుకోవడం సాధన చెయ్యొచ్చు. భయమేస్తే తల ఎత్తితే చాలు. గుండెజబ్బూ ఆయాసమూ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దిగకూడదు, అది వేరే సంగతి. ఇంతకీ సంచులు మొద్దుమీదే ఉండిపోయాయి. మా అన్నయ్య కూర్చున్నాడు కాపలా. మొదటిసారి కాబోలు, ఫోన్ ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

వదిన ఇరవై నిమిషాలు నీళ్ళలో ఉంది. బయటికొచ్చి మాట్లాడలేదు. కాసేపటికి, "చిలకపచ్చ చేప ఒకటి బండను కొరుకుతా ఉండె, కరకరమని ఇనిపించింది" అంది. అది నిజమే. చిలకచేప పగడపు బండల మీది నాచుని గీకి తింటుంది, ఆ చప్పుడు నీళ్ళలో వినిపిస్తుంది కూడా. పక్కన బండి తిరుగుతూ ఉంటే వినిపించేది కాదు.

బండ అంటే గుర్తొచ్చింది. ఏ కరపత్రమూ రాయని మాట ఒకటి కడపవాళ్ళకి చెప్పాలి. మన వంటింట్లో గట్టుమీద పరిచిన నల్ల కడపరాయి, వసారాలో నాపబండ, ఇవి ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. వేంపల్లె వైపు రాళ్ళలో పొరలు పొరలుగా, కోసిన ఉల్లిగడ్డల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. పగడాలు పుట్టకముందే, దగ్గరదగ్గర రెండువందల కోట్ల ఏళ్ళ కిందట, తక్కువ లోతు సముద్రంలో సూక్ష్మజీవులు కట్టిన దిబ్బలవి. గుక్కెడు నీళ్ళకి ట్యాంకరు కోసం ఎదురుచూసే మన నేల ఒకప్పుడు సముద్రం. మనం రోజూ చపాతీలు ఒత్తుకునేది దాని అడుగుమీదే.

యాత్రల గురించి రాయడం మనకి చేతకాదా అంటే, అదీ కాదు. 1830 మే నెలలో మద్రాసునుంచి బయల్దేరి మన కడప మీదుగానే కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామి ఏ మజిలీలో బావి ఉంది, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి అని ప్రతిదీ రాసిపెట్టాడు, వెనక వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదని. 1870లలో సముద్రం దాటి ఇంగ్లండు చూసివచ్చి తన కళ్ళతో చూసింది పుస్తకంగా వేసిన పోతం జానకమ్మ మన తెలుగావిడే. ఆ పక్కన ఈ కరపత్రాన్ని పెట్టి చూస్తే ఏం లేదో తెలుస్తుంది. బట్టలు మార్చుకునే గది ఉందా? సంచులు పెట్టే అల్మారా ఉందా? రింగు లాగే మనిషి ఒకేసారి ఎంతమందిని లాగుతాడు? చీర కట్టుకున్నావిడ ఏం వేసుకుని దిగాలి? (పొడుగు చేతుల చొక్కా, లెగ్గింగు. ఎండకి పూసుకునే క్రీము కన్నా చొక్కాయే పగడానికి మంచిది. కొన్ని క్రీముల్లోని మందులు పగడానికి హానిచేస్తాయని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి వాటి అమ్మకం ఆపించింది.) ఒడ్డున దొరికిన పగడపు ముక్క బొమ్మలకొలువుకి తెచ్చుకోవచ్చా? కూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే దిబ్బలు కట్టే పగడాలూ ఉన్నాయి. ఇవేవీ రాయకుండా, ఉదయం ఫలహారం ఉచితమని మాత్రం మూడుచోట్ల రాశారు.

మా వదిన కరపత్రం అంచున పెన్సిలుతో గీతలు గీసింది. జెట్ స్కీని కొట్టెయ్యలేదు సుమా. బాణం గీసి మధ్యాహ్నానికి దించింది. జాలీబోయ్ పక్కన వీలునుబట్టి అన్న మాటని మాత్రం గట్టిగా కొట్టేసి, ఏ నెలల్లో తెరిచి ఉంటుందో కనుక్కుని చెప్పమని నాకు పురమాయించింది. ఈసారి వాళ్ళ చెల్లెలూ వస్తుందట. ఆమెకీ ఈత రాదు.