కాంజీకి ముందు అర్థమా, మాటా?

2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొరియా లిపి ఈ ప్రాంతానికి కొత్త కాకుండా పోయింది. అది పలుకును రాసే లిపి. గుణింతాలు వచ్చినవాళ్లకు తొందరగానే పట్టుబడుతుంది. ఒక్కో గుర్తూ ఒక అర్థాన్ని చూపే జపాన్ కాంజీ అంత తేలిగ్గా లొంగదు. నిత్య వ్యవహారానికని అక్కడి ప్రభుత్వం ఖాయం చేసిన అక్షరాలే 2,136.

వీటిని నేర్పే రెండు పుస్తకాలది చెరో దారి. జేమ్స్ హైసిగ్ తెచ్చిన ‘రిమెంబరింగ్ ద కాంజీ’ మొదటి సంపుటంలో ఉచ్చారణే ఉండదు. అక్షరాన్ని భాగాలుగా విడదీసి, కథ అల్లి, ఒక ఇంగ్లీషు మాటకు కట్టేస్తాడు. ‘బేసిక్ కాంజీ బుక్’ రెండు భాగాల్లో 500 అక్షరాలే నేర్పుతుంది. కానీ ప్రతిదాన్నీ దాని పలుకులతో, అది చేరే మాటలతో కలిపి ఇస్తుంది.

నా మొగ్గు రెండోదానివైపే. పెనుకొండకు ఘనగిరి అని సంస్కృత నామం ఉంది. కొండ ఒకటే, పేర్లు రెండు. మనం రెండింటినీ వేరువేరుగా రాస్తాం. జపాన్‌వాళ్లు కొండకు ఒకే గుర్తు రాసి, విడిగా ఉంటే ‘యమ’ అని, ఫుజి పక్కన చేరితే ‘సాన్’ అని చదువుతారు. మొదటిది సొంత మాట, రెండోది చైనా నుంచి వచ్చిన పలుకు. గిరి ఎక్కడ, కొండ ఎక్కడ అనేది మనకెవరూ సూత్రంగా చెప్పలేదు, మాటల్లోనే అబ్బింది. ఆ అలవాటును హైసిగ్ రెండో సంపుటం దాకా పక్కన పెట్టమంటాడు.

భాగాల విషయంలో మాత్రం ఆయనకు దండం పెట్టాలి. పట్టు, నేత, కాగితం, గీత: ఈ నాలుగు అక్షరాల్లోనూ ఎడమవైపు ఉండేది దారం గుర్తే. ధర్మవరం మగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు అది ఒక్కసారి చూపిస్తే చాలు. అయితే నేత అక్షరానికి కుడివైపున్న భాగమే ఉద్యోగంలోనూ, జ్ఞానంలోనూ ఉంది. ఉద్యోగం ‘షొకుగ్యో’, జ్ఞానం ‘చిషికి’, నేత అక్షరం చేరిన సంస్థ ‘సొషికి’. ఆ భాగం పలుకును మోస్తోంది. మొదటి సంపుటంలో అది కథకు పనికొచ్చే బొమ్మ మాత్రమే.

హిందూపురంలో తెలుగూ కన్నడమూ మాట్లాడే విద్యార్థికి నడుమ ఇంగ్లీషు మాట ఎందుకు? పైగా జులైలో, డిసెంబరులో జరిగే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో చేతిరాత అడగరు. అక్షరాన్ని ఎలా చదవాలో అడుగుతారు. కాబట్టి ముందు ‘కిను ఒరిమొనో’ అంటే పట్టు వస్త్రమని మాటగా నేర్చుకుని, తర్వాత అందులో దారాన్ని వెతకడం మేలు. చేత్తో రాయాలన్న పట్టుదల ఉన్నవాళ్లు కొన్ని వందల మాటలు వచ్చాక హైసిగ్‌ను తెరవాలి.