ఓడినవారిని మోసే ఊళ్లు

గెలిచినవారికి విగ్రహాలు, కోటలు మిగులుతాయి. ఓడినా తల వంచనివారిని మాత్రం జనమే గుర్తుంచుకోవాలి. ఇస్లామిక్ క్యాలెండర్‌లో మొదటిదైన మొహర్రం, అలా గుర్తుంచుకునే నెల. యుద్ధం నిషిద్ధమైన నాలుగు పవిత్ర మాసాల్లో ఇదొకటి. హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680లో, ఈ నెల పదో రోజునే ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ ఇరాక్‌లోని కర్బలాలో ప్రాణాలు వదిలారు. ఖలీఫా యజీద్ పాలనకు విధేయత ప్రకటించనన్నదే ఆయన మీద మోపిన నేరం. దగ్గర్లోనే యూఫ్రటీస్ పారుతున్నా ఆయన గుడారాలకు నీళ్లు అందనివ్వలేదు. ఆ దాహం కథ ఇంత దూరం వచ్చి తెలుగు పల్లెల్లో నిలిచిందంటే, కారణం గ్రంథాల కంటే ఎక్కువగా ఊరు పంచుకున్న పనులే.

మన పల్లెల్లో మొహర్రంను పిలిచే పేరైన పీర్ల పండుగ నడిచే తీరు చూస్తే ఇది తెలుస్తుంది. ఏడాదంతా పెట్టెలో ఉండే పీర్లు అనే చిహ్నాలను నెలవంక కనిపించాక బయటికి తీసి, శుభ్రం చేసి, కర్రలకు బిగించి, రంగురంగుల దట్టీలు కడతారు. చాలా పీర్లు అరచేయి ఆకారంలో ఉంటాయి. ఆ ఐదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్‌లకు గుర్తు. చావిడి ముందు గుండం తవ్వేవారు, కట్టెలు మోసేవారు, డప్పు కొట్టేవారు, ఊదు వేసేవారు, మలీద చేసేవారు ఒకే మతంవారు కానక్కర్లేదు. అనంతపురం జిల్లా గూగూడులో అక్కడి పీరు కుళ్లాయిస్వామి కోసం నిప్పుల గుండం తొక్కేవారిలో హిందువులు ఎందరో. కుతుబ్‌షాహీల కాలంలో వెలసిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానా ఉన్న హైదరాబాద్‌లో, పదో రోజున బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది.

ఈ ఆచారాలకు మతంలో ఆధారం లేదని అభ్యంతరం చెప్పే ముస్లిం పండితులున్నారు. పదో రోజైన ఆశూరా నాడు ఉపవాసం, ప్రార్థన చాలునన్న వారి మాట వారి విశ్వాసం నుంచి వచ్చింది, దాన్ని గౌరవించాలి. అయితే ఊళ్లో పీరు ఎత్తేవారు ఆ ఉపవాసానికి పోటీగా ఏదీ నిలబెట్టడం లేదు. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: మొక్కు తీర్చుకోవడానికి వచ్చే రైతుకు కర్బలా చరిత్ర ఏం తెలుసు? తేదీలు తెలియకపోవచ్చు. కానీ పీర్లు వచ్చే దారిలో బిందెలతో నీళ్లు పోసేవారు, దాహంగా ఉన్నవారికి షర్బత్ పంచేవారు ఆ చరిత్రలోని అసలు సంగతిని చేతులతో చేసి చూపిస్తున్నారు. నీళ్లు ఆపడం అక్కడ జరిగిన అన్యాయం. దానికి ఇక్కడి జవాబు, అడగకుండానే నీళ్లివ్వడం.

చాంద్రమానం వల్ల మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒకసారి నాట్ల వేళ, మరోసారి కోతల వేళ, ఇంకోసారి మండుటెండల్లో వస్తుంది. పంటతోనో రుతువుతోనో ముడిపడని పండుగను ఊరు తనంత తాను పూనుకుని చేయాలి. అందుకే పీర్లను చూసుకునే ముజావర్ కుటుంబం ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. కట్టెలు తెచ్చే చేయి, డప్పు పట్టే చేయి వెనక్కి తగ్గితే పీర్లు పెట్టెలోనే ఉండిపోతాయి. ఈ సంప్రదాయాన్ని కాపాడాలనుకునేవారు చావిడికి సున్నం వేయించి ఊరుకోకుండా, ఆ పనుల పంపకాన్ని కాపాడాలి. పక్కవాడి దుఃఖంలో తనకూ ఒక పని ఉందని మనిషికి నేర్పే పద్ధతులు మనకు ఎక్కువగా లేవు.